బండల గనిలో రష్యన్ నేర్పిన సారు

సారు పోయాడని నాకు చెప్పింది గని సేటు దగ్గర లెక్కలు రాసే మున్షీ. బీడీ ముట్టించుకుంటూ చెప్పాడు. "మీ పంతులు పోయిండంట. నిన్న పొద్దుగాల. అనంతగిరి ఆస్పత్రిల." అని ఒక దమ్ము లాగి, పొగ వదిలి, "బీడీలు తాగి తాగి బొక్కలు మిగిలినయ్ పాపం" అన్నాడు.

మా సారు జన్మలో బీడీ ముట్టలేదు. గనిలో పక్కన కూర్చుని ఎవరైనా తాగితే లేచి అవతలికి పోయేవాడు. ఆ సంగతి మున్షీకి బాగా తెలుసు. తెలిసే అన్నాడు. నేను అక్కడే ఉలి కింద పడేసి లేచాను. అది చూసి ఒక అడుగు వెనక్కి వేసి, అసలు వచ్చిన పని చెప్పాడు.

"సేటు సంతాప సభ పెడ్తున్నడు. పెద్ద మనసు. నువ్వు ఆయన శిష్యునివి గదా, నాలుగు ముక్కలు రాస్కొని రా. మంచిగ రాయి. గా నీళ్ళ ముచ్చట మాత్రం తియ్యకు."

ఆ నీళ్ళ ముచ్చట చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళు నన్ను క్షమించనక్కర్లేదు. నేను బడికి పోయినవాణ్ణి కాను. బషీరాబాద్ పక్క ఊళ్ళో గొర్రెలు కాసిన ఇల్లు మాది. తెలుగు అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాను. తాండూరు బండల గనిలో పనికి చేరాక రష్యన్ నేర్చుకున్నాను. అవును, రష్యన్. నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసి ముందుకు చదవండి. ఊళ్ళో పెద్దమనుషులంతా ఇదివరకే నవ్వారు.

సారు అసలు మా గనిలో పంతులు కాదు. నాపరాళ్ళు రైలుకు ఎక్కించే ముందు, ఏ ఊరికి పోవాలో ఆ ఊరి పేరు బండ మీద నల్లరంగుతో రాసే పని ఆయనది. దాన్ని మార్కా రాయడం అంటారు. వికారాబాద్ స్టేషన్ దగ్గర ఒక గదిలో ఉండేవాడు. పొద్దున్నే పాసింజరు బండిలో తాండూరు వచ్చి, సాయంత్రం బండికి తిరిగి పోయేవాడు. ఒంటిమనిషి. సన్నగా, పొడుగ్గా, చొక్కా చేతుల మీద ఎప్పుడూ నల్లరంగు చుక్కలతో ఉండేవాడు.

పోలీసు చర్య తర్వాత ఆయన్ని పట్టుకుపోయి కొన్నేళ్ళు జైల్లో పెట్టారు. రైతులకు అర్జీలు రాసిచ్చాడని. ఆ జైల్లో ఓడల్లో పనిచేసి వచ్చినవాడొకడు ఉండేవాడట. రష్యా రేవుల్లో చాలాకాలం తిరిగినవాడు. అతని దగ్గర సారు రష్యన్ నేర్చుకున్నాడు. పుస్తకం ఇవ్వరు, పలక ఇవ్వరు, కాగితం ఇవ్వరు. ఉన్నది రొట్టె, నీళ్ళు, కంబళి, గోడ, తాళం. ఆ తాళం పట్టుకుని తాళం అనే మాట, ఆ రొట్టె తుంచుతూ రొట్టె అనే మాట. విడుదలయ్యాక హైదరాబాదు పోయి వ్యాకరణం పుస్తకం కొనుక్కున్నాడు, దాన్ని మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివాడు కూడా. కానీ మాకు మాత్రం దాన్ని తెరిచి ఒక్క పేజీ చెప్పలేదు.

"మొదలు చెయ్యి. తర్వాత నోరు" అనేవాడు. అదే ఆయన బడి.

గనికి సెలవు అంగడి రోజున. ఆ రోజు గనిలో పనిచేసే మేం తొమ్మిది మందిమి ఆయన వెంట తాండూరు అంతా తిరిగేవాళ్ళం. ఒక అంగడి నాడు కమ్మరి కొలిమి, ఇంకో అంగడి నాడు కుమ్మరి సారె, ఇంకోసారి రొట్టెలు చేసే అవ్వ పొయ్యి. పోయి ఊరికే నిలబడి మాటలు రాసుకురావడం కాదు. ముందు అడగాలి. ఒప్పుకుంటే గంటసేపు వాళ్ళ పని చెయ్యాలి, ఊరికే. తిత్తి ఊదాలి, మట్టి తొక్కాలి, పిండి పిసకాలి. చేతికి ఆ పని అంటుకున్నాక, వాళ్ళు ఆ వస్తువును ఏమంటారో అడిగి తెలుసుకోవాలి. అప్పుడు సారు రష్యన్ మాట చెప్పేవాడు. మేం దాన్ని మొదట ఆ పనివాళ్ళకు నేర్పి, తర్వాతే మేం నేర్చుకోవాలి.

"ఊరి దగ్గర మాట తీస్కొని ఊరికి ఇయ్యకుంటే అది దొంగతనం తమ్మీ" అనేవాడు.

కొలిమి దగ్గర ఎర్రగా కాలిన ఇనుము మీదికి నేను తెలియక చెయ్యి చాపితే, నా మణికట్టు పట్టుకుని "నిల్‌జ్యా!" అని అరిచాడు. కూడదు అని అర్థం. అర్థం చెప్పక ముందే నాకు తెలిసిపోయింది. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. మర్చిపోలేదు కూడా. అందుకే నా తప్పు ఇంకా పెద్దది.

జొన్నరొట్టెల అవ్వ అయితే మొదటిరోజు సారును నిలబెట్టి ఆడుకుంది.

"ఏమంటరు పంతులూ రొట్టెను?"

"ఖ్లేబ్."

"ఖలేబా! గా పేరు పెడ్తే రొట్టె జర ఉబ్బుతదా?"

"ఉబ్బదు అవ్వా."

"మరెందుకు గీ పరేషాని?"

"రేపు ఆ దేశపోడు వచ్చి నీ దగ్గర నిలవడితే ఆకలైతుందని నీతోని చెప్పొద్దా?"

అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని సారును పైనుంచి కిందికి చూసింది. "ఆకలైనోడు చెప్పాల్నా? మొఖం చూస్తే ఎరుక గాదా?" అంది. సారు అక్కడే కింద కూర్చుని నవ్వాడు, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. "చూసిన్రా, మనకన్న ముందే పాఠం అయిపోయింది అవ్వకు" అన్నాడు మాతో. మరుసటి వారం నుంచి ఆమె గిరాకీని "ఖ్లేబ్ కావాల్నా? ఎన్ని?" అని అడిగేది.

పనికిరాని బండముక్కల మీద ఆయన అక్షరాలు రాసి చూపించేవాడు. కొన్నిటిని మేస్త్రీ చూసుకోకుండా మంచి రాళ్ళలో కలిపేసి రైలుకు ఎక్కించాడు. ఏ ఇళ్ళలో పరిచారో తెలియదు. ఎవరి ఇంటి నట్టింట్లోనో బండ అడుగువైపు సుత్తె అనే మాట రష్యన్‌లో ఉంది. సారు దానికి మహా సంతోషపడ్డాడు.

బడిలో ఒక గది అడిగితే ఇవ్వలేదు. ఆ బడి పేరు నేను రాయను. "లేబరోళ్ళకు తెలుగే సక్కగ రాదు, రష్యన్ ఏం జేస్కుంటరు?" అన్నారట. సారు బయట చెట్టు నీడలో మాకు గది అనే మాట నేర్పాడు. చేత్తో తాకి చూపించడానికి గది లేదు కాబట్టి ఆ మాట మాకు సరిగ్గా పట్టుబడలేదు.

ఇక మిషను వచ్చింది. అప్పటిదాకా గనిలో రాయికి బెజ్జం వేయాలంటే సుత్తె, ఉలి. సేటు ఎక్కడినుంచో గాలితో నడిచే, మూడు డ్రిల్లులున్న మిషను తెప్పించాడు. రష్యాలో చేసింది. దాన్ని నడిపించి చూపడానికి ఆ దేశపు మెకానిక్ ఒకాయన వస్తాడని చెప్పారు. ఊరంతా హడావుడి. గని దగ్గర షామియానా వేశారు, కుర్చీలు తెచ్చారు, పట్నం నుంచి డిగ్రీలున్న దుబాసీని పిలిపించారు. మా సారును మాత్రం షామియానా బయట, రంగు డబ్బాల పక్కన నిలబెట్టారు.

మెకానిక్ లావుపాటి మనిషి, ఎండకు మొహం కందిపోయింది. దండలు వేశారు. దుబాసీ ఏదో పొడుగాటి స్వాగతం చదివాడు. తర్వాత సేటుకు ఏం తోచిందో, "మా లేబరోళ్ళు గూడ మీ భాష మాట్లాడ్తరు" అని మమ్మల్ని ముందుకు తోశాడు.

అప్పుడు తెలిసింది మాకు నమస్కారం అనే మాట రాదని. గనిలో ఎవరు ఎవరికి నమస్కారం పెడతారు? మాకు సారు పని మాటలే నేర్పాడు. తొమ్మిది మందిమి బొమ్మల్లా నిలబడ్డాం. షామియానా కింద నవ్వులు మొదలయ్యాయి. ఏం చెయ్యాలో తోచక, నా సుత్తె తీసి ఆయన చేతిలో పెట్టాను. "మలతోక్" అన్నాను. రాయి చూపించి "కామెన్" అన్నాను. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. దండలు తీసి కుర్చీ మీద పడేసి, కోటు విప్పి, రాతి మీద ఒక్కటి వేశాడు. తప్పు చోట కొట్టాడు. మావాడొకడు ఆయన మణికట్టు పట్టుకుని "రుకా, రుకా" అని రష్యన్‌లో చెయ్యి పేరు చెబుతూ పట్టు సరిచేశాడు. రెండో దెబ్బకు బండ పొరలా విడిపోయింది. అవ్వ ఎక్కడినుంచో దూరి వచ్చి "ఖ్లేబ్! తిను కొడుకా, ఎండల వడి వచ్చినవ్" అని రొట్టె చేతిలో పెట్టింది. ఆ మనిషి రొట్టె నములుతూ మా భుజాల మీద కొట్టి ఏదేదో చెప్పుకుపోయాడు. నవ్వులు ఆగిపోయాయి. సారు రంగు డబ్బాల దగ్గర నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. ఆ మొహం నేను చూశాను.

ఆ సంబరం అంతసేపే.

మెకానిక్ మిషను నడిపి చూపించాడు. డ్రిల్లు రాయిలోకి దిగగానే తెల్లటి దుమ్ము పొగలా లేచింది. ఆయన వెంటనే ఆపేశాడు. వేలు చూపించి చెప్పాడు, "బిజ్ వదీ నిల్‌జ్యా." నీళ్ళు లేకుండా కూడదు. దుమ్ము పేరెత్తి, రొమ్ము మీద చెయ్యి కొట్టుకుని, దగ్గుతున్నట్టు చూపించి మళ్ళీ చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు. దుమ్ము, నీళ్ళు, కూడదు. మూడు మాటలూ నాకు వచ్చు.

దుబాసీ సేటు వైపు తిరిగి, "మిషను చాలా గొప్పదని, పని త్వరగా అవుతుందని సెలవిస్తున్నారు" అన్నాడు. అతనికి అర్థం కాక అన్నాడో, అర్థమయ్యే అన్నాడో నాకు తెలియదు.

సారు షామియానాలోకి నడిచి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. "సేటు, ఆయన జెప్పింది అది గాదు. బెజ్జంల నీళ్ళు పోస్కుంటనే నడపాలె అంటున్నడు. లేకుంటే దుమ్ము మనుషుల రొమ్ముల వడ్తది అంటున్నడు."

సేటు నవ్వాడు. "తాగనీకే నీళ్ళు లెవ్వు పంతులూ, రాయికి పొయ్యాల్నా?" అని, నా వైపు తిరిగాడు. "ఏమ్రా, నువ్వు గూడ గీ సదువు సదువుతున్నవ్ గద. నువ్వు జెప్పు. అన్నడా గట్ల?"

ఒక డ్రిల్లు నడిపే పని నాకే ఇస్తామని ముందురోజు మేస్త్రీ చెప్పాడు. గనిలో అంతకు మించిన పని లేదు. మా అమ్మకు ఆ సంగతి చెప్పి వచ్చాను. సారు నా వైపు చూస్తున్నాడు. నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

"నాకంత సమజ్ గాలే సేటు" అన్నాను.

అంతే. ఆ ఒక్క మాట. సేటు మీద కోపం ఉంది, మున్షీ మీద ఉంది, దుబాసీ మీద ఉంది. కానీ రాసేటప్పుడు మొదట రాయాల్సింది ఇది, ఇంత కిందికి తెచ్చి రాశాను.

మరునాడు సారుకు మార్కా పని తీసేశారు. "నీళ్ళంటే గంత ప్రేముంటే నువ్వే పొయ్యి" అన్నాడు సేటు, అది ఎగతాళి అనుకున్నాడు. సారు నిజంగానే పొద్దున్న బండి దిగి, ఒక రేకు డబ్బాతో గనిలోకి దిగాడు. గుంటలో అడుగున ఊరే మురికినీళ్ళు డబ్బాతో ముంచుకొచ్చి బెజ్జాల్లో పోసేవాడు. డ్రిల్లులు మూడు. మనిషి ఒక్కడు. యాభై దాటినవాడు. ఒక బెజ్జంలో పోసేలోపు ఇంకో బెజ్జం ఎండిపోయేది. ఆ మూడిటి మధ్యా పరుగెత్తుతూ, మూడిటి దుమ్మూ తనే పీల్చాడు. రెండేళ్ళు. ఒక డ్రిల్లు పట్టుకున్నవాణ్ణి నేను.

డ్రిల్లు పనిలో చేరాక వచ్చిన మొదటి అంగడి రోజున నేను పాఠానికి పోలేదు. సారే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"మాటైతే నీకు ఎరుకనే తమ్మీ" అన్నాడు. "మాట మీద నిలవడుడే రాలే. అది గూడ నేర్సుకుందాం. పా, కుమ్మరోళ్ళ కాడికి పోవాలె."

ఇంకోసారి ఆ విషయం ఎత్తలేదు. డబ్బాతో పరుగెత్తుతూనే పాఠం చెప్పేవాడు. నిండింది, ఖాళీ అయింది, ఇంకా, చాలు. ఈ మాటలన్నీ నేను అట్లా నేర్చుకున్నవే.

తర్వాత సారుకు దగ్గు మొదలైంది. పాసింజరు బండిలో పక్కవాళ్ళు లేచి దూరంగా కూర్చునేవారట. ఒకరోజు గనిలోకి దిగి ఎక్కలేకపోయాడు. వికారాబాద్ తీసుకుపోయి, అనంతగిరి గుట్ట మీది ఆస్పత్రిలో చేర్చాం. ఆయన ఆస్పత్రికి పోయిన మర్నాటి నుంచే బెజ్జాల్లో నీళ్ళు పోసేవాళ్ళు లేరు. డబ్బా కూడా మున్షీ పట్టుకుపోయాడు.

చివరిసారి చూడ్డానికి పోయినప్పుడు పక్క మంచం మీది ముసలాయనకు ఊపిరి అనే మాట నేర్పుతున్నాడు. ముసలాయన రొమ్ము మీద తన చెయ్యి, తన రొమ్ము మీద ముసలాయన చెయ్యి. నన్ను చూడగానే ఒక్కటే అడిగాడు.

"నీళ్ళు పోస్తున్రా?"

"పోస్తున్నం సారు" అన్నాను. ఇది రెండో అబద్ధం.

దగ్గరికి రమ్మని సైగ చేశాడు. వంగాను. నా చెవి వెనక వేలితో తుడిచి, ఆ వేలు నా కళ్ళ ముందు పెట్టాడు. వేలికి తెల్లగా అంటుకుని ఉంది.

"పీల్" అన్నాడు.

దుమ్ము అని. నాకు ఆ మాట ఎప్పుడో వచ్చు. అయినా మళ్ళీ నేర్పాడు. అదే ఆఖరి పాఠం. కోపంగా చెప్పలేదు. నాకు ఆ సంగతే ఇంకా కోపం తెప్పిస్తుంది.

సంతాప సభ అదే గని దగ్గర, అదే షామియానా కింద జరిగింది. సారు ఫోటో ఎవరి దగ్గరా లేదు కాబట్టి కుర్చీకి దండ వేశారు. బతికున్నప్పుడు ఆ షామియానాలో కుర్చీ ఇవ్వలేదు. ఊరి పెద్దమనిషి ఒకాయన లేచి, సారు భాషాసేవ మరువరానిది అన్నాడు. పేదవారి మధ్య జ్ఞానజ్యోతి వెలిగించాడు అన్నాడు. సారు వింటే ఆ జ్యోతిని చేత్తో ముట్టుకోవచ్చా అని అడిగేవాడు. తర్వాత నన్ను పిలిచారు. రాసుకుపోయిన కాగితం జేబులో ఉంది. తియ్యలేదు.

"ఆ రోజు మెకానిక్ గట్లనే అన్నడు" అన్నాను. "నీళ్ళు లేకుంట నడపొద్దన్నడు. మూడుసార్లు అన్నడు. నేను విన్న. నాకు సమజ్ అయింది. సేటు అడిగితే కాలేదని అబద్ధం జెప్పిన. సారు బీడీలు తాగి పోలే. దుమ్ముతోని పోయిండు."

సేటు లేచాడు. "సంతాప సభరా ఇది, పంచాయితీ గాదు. కూసో."

"ఈడ జెప్పకుంటే నా రొట్టెల పొయ్యి కాడ జెప్తడా?" అంది అవ్వ వెనకనుంచి. "చెప్పు కొడుకా. ఇంకేమన్నడు?"

"ఇంకేమనలే అవ్వా. అంతే అన్నడు."

"అంతకు రెండేండ్లు పట్టిందా నీకు?" అంది.

నేను వెనక్కి పోయి అవ్వ పక్కన నిలబడ్డాను.

తెల్లారి గనిలో డ్రిల్లు పట్టుకునే ముగ్గురం మిషను దగ్గర కూర్చున్నాం. నడపలేదు. నీళ్ళు లేకుండా కూడదు అన్నాం, తెలుగులోనే. మేస్త్రీ తిట్టాడు. మున్షీ పేర్లు రాసుకున్నాడు. రాళ్ళు మోసే ఆడవాళ్ళు తట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. ఆ రోజు పోయింది, మరునాడు పోయింది. మూడోరోజు మధ్యాహ్నం కాగ్నా నది నుంచి ఎడ్లబండి మీద పెద్ద పీపా వచ్చింది. సేటు దాన్ని తన దయ అంటున్నాడు. ఎన్నాళ్ళు పంపుతాడో చూస్తాం. పంపని రోజున మళ్ళీ కూర్చుంటాం. బండెడు నీళ్ళు. ఒక మనిషి చస్తే గానీ రాని నీళ్ళు అవి.

డ్రిల్లు దిగుతుంటే బెజ్జంలోంచి దుమ్ము లేవలేదు. బూడిదరంగు బురద మెల్లగా ఉబికి మా కాళ్ళ మీదుగా పారింది. పని అయ్యాక ముగ్గురం గనిపైకి ఎక్కి వచ్చాం. మాలో ఒకడి భార్య సద్ది గిన్నె కోసం రోజూ అక్కడ నిలబడుతుంది. మమ్మల్ని దాటి వెనక ఎవరికోసమో చూసింది. మళ్ళీ తిరిగి మొగుణ్ణి చూసి, దగ్గరికి వచ్చి, కళ్ళలోకి చూస్తూ నిలబడిపోయింది. గని నుంచి వచ్చే మనిషికి కనురెప్పల వెంట్రుకలు దుమ్ముతో తెల్లగా ఉండడం ఆమెకు పెళ్ళయినప్పటి నుంచి అలవాటు. ఆ సాయంత్రం అవి నల్లగా ఉన్నాయి. ఆమె వేలు చాపి ఒక రెప్పను తాకి చూసింది.